కత్తెర పడని మల్లెపందిరి

“‘ఆ తీగలో ఒక్క ఆకు తగ్గినా సరే, ఈ మేకని వచ్చే సోమవారం సంతకి తోలేస్తాను, ఆనక నన్ననుకొని లాభం లేదు’ అని నూకరత్నంగారు నీ మొహం మీదే అన్నారా లేదా?”

“అన్నారు.”

“నీకు చెవులున్నాయి కదా? అంత పొడుగున వేలాడుతున్నాయి కదా?”

“ఉన్నాయే తల్లీ.”

“మరింకా ఆ పందిరి కేసే చూస్తావేంటి వదినా?”

“ఆకుని చూట్టంలేదే పిచ్చిమొహమా. ఆకు వెనకాల ఊగిన తోకని చూస్తున్నా.”

పొద్దున్నే కోడిపెట్టకీ మేకకీ పడిన గొడవ ఇది. పడ్డ చోటు నూకరత్నంగారి పెరడు. నూకరత్నంగారు జాకెట్లు కుడతారు. వీధివైపు గదిలో కుట్టుమిషను, పెరటివైపు నీళ్ళ గాబు, గాబు పక్కన గేదె, అవతల గుంజకి మేక, మధ్యలో మల్లెపందిరి. ఆ మల్లె ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అంటు. అమ్మ పోయిన ఏడాది, అమ్మ పెంచిన తీగ కొమ్మని వంచి మట్టిలో తొక్కి, వేరు పట్టాక కోసి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చారు. అందుకే రోజంతా కత్తెర పట్టుకునే మనిషి, పెరట్లోకి వచ్చేముందు దాన్ని మిషను మీద పెట్టి మరీ వస్తారు. తీగ కంటికి కనపడకూడదన్నట్టు.

తీగ ఊరుకుంటుందా? పోసిన నీళ్ళన్నీ తాగింది, బియ్యం కడుగు తాగింది, పందిరెక్కింది, పందిరి దిగింది, మళ్ళీ తన మీద తనే ఎక్కి చిక్కు తియ్యని జుట్టులా అల్లుకుపోయింది. ఆకు మీద ఆకు. పువ్వు మాత్రం లేదు. రెండు వేసవులు పోయాయి, ఒక్క మొగ్గ పెడితే ఒట్టు. ఎవరో ‘నీళ్ళు చాలట్లేదేమో’ అన్నారు. ఆవిడ ఇంకో బకెట్టు పోశారు. ఇంకో పొర ఆకొచ్చింది. పెరడంతా మల్లెతీగ పెట్టుకొని, సాయంత్రం సైకిలు మీదొచ్చే పూలాయన దగ్గర మూర పూలు కొనుక్కునేవారు.

“మా పాత ఇంట్లో కూడా మల్లెతీగ ఉండేది…” అని గేదె అప్పుడప్పుడు మొదలెట్టేది. మధ్యలో నెమరొచ్చేది. గేదె ఒక మాట అందుకుంటే అది ముగిసేలోపు పాలు పితికే వేళవుతుంది. అంచేత ఎవరూ ఆగేవారు కాదు.

సరే, తోక సంగతి.

పెట్టకి గంపెడు పిల్లలు పుట్టాయి. మిగిలింది మూడు. ఒక్కోటీ ఎలా పోతోందో తెలీదు. కేక ఉండదు, రక్తం ఉండదు. తిరిగి చూసేసరికి ఒకటి తక్కువ. మిగిలిన వాటిల్లో చిన్నదానికి మెడ మీద ఈకలే రాలేదు. చలికి వణికిపోతూ మేక పొట్ట కింద దూరి పడుకునేది. ‘మేకత్తా, మేకత్తా’ అని ఒకటే పిలుపు. మేక చూడిది. పొట్టలో పిల్లలు లోపల తంతుంటే, పొట్ట బయట ఇదొకటి.

“నిన్న మధ్యాన్నం నీ నల్లపిల్ల పోయిందే, దానికి కొంచెం ముందు ఆ ఆకుల్లో చారల తోక ఊగింది. నా కళ్ళతో చూశాను,” అంది మేక.

అప్పుడే గోడ మీంచి పిల్లి దిగింది. ఎంత మెల్లగా దిగిందంటే, గోడక్కూడా తెలీలేదు.

“ఏంటండీ పెట్టగారూ, పొద్దున్నే గొంతు లేచింది?”

“చూడండి బావగారూ. మా వదిన ఆకుల్లో తోక చూసిందట.”

“తోకా?” పిల్లి తన తోకని కాళ్ళ కిందకి లాక్కొని దాని మీద కూర్చుంది. “ఆకలేసినోళ్ళకి ఆకుల్లో ఏవైనా కనపడతాయండి. తప్పు పట్టకూడదు. పైగా ఒట్టి మనిషి కాదు కదా. నోరూరుద్ది.”

“నోరూరే మాట నిజం. తోక కూడా నిజం,” అంది మేక.

“ముంగిసండీ అది. మొదట్నించీ మొత్తుకుంటున్నాను. గోడ కింద కన్నం చూశారా? అందులోంచే వస్తది.”

“ఆయ్! నేనూ అదే అంటున్నానండి. ముంగిసే!” అంది పుంజు పెంటకుప్ప మీంచి. పిల్ల పోయిన ప్రతిసారీ పుంజు పెంటకుప్ప మీదే ఉంది. అక్కణ్ణించే అన్నీ తెలుస్తాయి దానికి.

పిల్లి పందిరి కేసి చూసి నిట్టూర్చింది. “అసలా పచ్చటి తీగని చూస్తే నాకు కడుపు నిండిపోద్దండి. ఒక్క రెమ్మ తుంపితే నా చెవి తుంపినట్టుంటది. అమ్మగారి అమ్మ చేతి తీగండి. దాని మీద పన్ను పెట్టాలని ఎలా అనిపిస్తదో ఏంటో.” అని, పెట్టకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది. “పైన గద్ద కూడా తిరుగుతోందండి. పిల్లల్ని బయట తిప్పకండి. పందిరి కిందే మేపుకోండి. పైన అంత ఆకుంది కదా, గద్దకి కనపడరు.”

“మీరున్నారు కాబట్టి సరిపోయింది బావగారూ,” అని పెట్ట కళ్ళు తుడుచుకుంది.

“పందిరి కింద వద్దే!” అని మేక తాడు తెగేలా ముందుకొచ్చింది. తాడు తెగలేదు. ఆకుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

“అదిగో, బయటపడింది. మేము అక్కడ లేకపోతే నువ్వు తాడు తెంపుకొని తినేద్దామని. తీగ పోతే లాభం ఎవరికి? నీకు. అందుకే లేని తోకలు పుట్టిస్తున్నావు.”

మేకకి వచ్చిన చిక్కు ఇదే. ఆకలున్నవాడి సాక్ష్యం ఎవరికీ అక్కర్లేదు. దొంగని చూసింది ఒక్కతే. ఆకు మీద ఆశున్నదీ ఆ ఒక్కతే.

ఆ మధ్యాన్నం మేక మొత్తం చూసింది. ఆకులు విడివడ్డాయి. చారల ఒళ్ళొకటి నీళ్ళు జారినట్టు కిందకి జారింది. వెనకబడ్డ పిల్లని నోట పట్టుకొని మళ్ళీ పైకి పోయింది. ఆకులు మూసుకున్నాయి. మేక గొంతు చించుకొని అరిచింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. వచ్చి ఏం చూశారు? పందిరి కేసి మెడ చాపి అరుస్తున్న మేకని.

“ఆయ్, ఆకు కోసం ఎంత ఏడుస్తోందో చూడండి,” అంది పుంజు.

“నోరు ముయ్యవే, కుట్టు తప్పుతోంది!” అని మిషను దగ్గర్నించి నూకరత్నంగారు కేకేశారు.

పెట్ట మట్టుకు పిల్లల్ని చూసుకుంది. ఎన్నిసార్లు చూసుకున్నా రెండే.

మర్నాడు నూకరత్నంగారు హుక్కులూ లైనింగు గుడ్డా తేవడానికి బజారుకెళ్ళారు. గేటు చప్పుడు వినపడగానే పిల్లి మేక దగ్గరికొచ్చి కూర్చుంది. చూసినవాళ్ళు ఊళ్ళో ఉండకూడదని దానికి అర్థమైపోయింది.

“మేకగారూ, ఒకే పెరట్లో ఉన్నవాళ్ళం, మనలో మనకెందుకండి. పాపం కడుపుతో ఉన్నారు. ఆ ఎండుగడ్డి ఏం సరిపోద్ది చెప్పండి. ఈ జారుముడి నేను లాగేస్తాను. వెళ్ళి నాలుగాకులు తినండి. మీరు తిన్లేదు, నేను చూళ్ళేదు.”

మేక తల వంచి పిల్లి మొహంలోకి చూసింది.

“ఒక్క ఆకు తింటే ఏంటి బావగారూ శిక్ష?”

“సంతన్నారనుకోండి. కానీ ఎవరు చూస్తారు?”

“నాలుగు తింటే?”

“అదీ సంతే.”

“మొత్తం తింటే?”

పిల్లికి నవ్వొచ్చింది. “సంతకి మించి ఇంకేముంటదండి? అయినా అంత తీగ ఎవరు తినగలర్లెండి.”

“మా పాత ఇంట్లో కూడా మల్లెతీగ ఉండేది…” అంది గేదె గాబు పక్కనుంచి. “పుష్యమాసం రాగానే మా పాత అయ్యగారు…” నెమరొచ్చింది. ఆగింది.

పిల్లి పళ్ళతో ముడి లాగేసింది. నాలుగాకులు తింటుంది, ఈలోపు ఆవిడొస్తారు, ఆవిడ మేకని కొడుతుంటే ఆ గోలలో ఇంకో పిల్లని పట్టుకోవచ్చు. ఇదీ లెక్క. అలవాటు చొప్పున గోడెక్కి, చుట్టూ తిరిగొచ్చి, వెనక నుంచి పందిరి ఆకుల్లో దూరి కూర్చుంది. కింద పెట్ట మట్టి గీరుతోంది. బోసిమెడ పిల్ల దాని వెనకాల.

మేక పందిరి దగ్గరికి నడిచింది. పైన ఆకు కొంచెం కదిలింది. కింద ‘మేకత్తా, వచ్చావా!’ అంది పిల్ల. మునిగినవాడికి చలేంటి, అనుకుంది మేక. ముందు కాళ్ళు రెండూ పందిరి పక్కనున్న రోలు మీద వేసి, నోరు తెరిచింది.

ముందు అంచున వేలాడే రెమ్మలు పోయాయి. తర్వాత నడిమి ఆకు. పట్టుకొని దూసేస్తోంది, లేతకొమ్మ వస్తే కొరికేస్తోంది, ముదురుకొమ్మ వస్తే మెడ తిప్పి విరిచేస్తోంది. రోలు మీంచి గాబు గట్టెక్కింది. కాలు తగిలి, రోట్లో రుబ్బే రాతి పొత్రం దొర్లి, నేల మీద పాకే ఒక తీగ మీద పడి, దాన్ని గాబు కింద బురదలోకి నొక్కేసింది. ఎవరు చూస్తారు ఆ గోలలో?

“ఓలమ్మో, వదినా! నీకు పిచ్చెక్కిందా? నిన్ను తోలేస్తారే!” అని పెట్ట రెక్కలు కొట్టుకుంటోంది.

“ఆయ్! ఆయ్! ఆయ్!” అంటోంది పుంజు. ఇంకేమనాలో దానికి తోచలేదు.

“మేకత్తా, కడుపునొప్పొస్తది!” అంది పిల్ల.

రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ పందిరి కింద ఎండ పడింది. ముందు చిల్లులు చిల్లులుగా. తర్వాత పలకలు పలకలుగా. ఎండతో పాటు ఇంకేవో కనపడ్డం మొదలెట్టాయి. ఒక చెవి. రెండు మీసాలు. ఒక పచ్చకన్ను. మేక ఆగలేదు. ఆఖరి గుబురు దూసేసరికి, ఒట్టి వెదురుబద్దల మీద, నాలుగు కాళ్ళూ దగ్గరికి లాక్కొని, ఎటు దాక్కోవాలో తెలీక, పిల్లి.

దాని పక్కన కొమ్మల సందులో ఈకలు. ఎర్రవి, బూడిదవి, నల్లవి.

పెట్ట అరవలేదు. పైకి చూస్తూ మెల్లగా అంది. “అది నా నల్లది. అది అన్నిటికన్నా ఆఖర్న గుడ్డులోంచి వచ్చింది. అది… అది నిన్నటిది.”

“ముంగిస తెచ్చి ఇక్కడ దాచుకున్నట్టుందండి…” అంది పిల్లి. అప్పటిక్కూడా ‘అండి’ మానలేదు.

పెట్ట ఎప్పుడూ అంత ఎత్తు ఎగరలేదు. తర్వాత కూడా ఎగరలేదు. ఆ ఒక్కసారే ఎగిరింది. తిన్నగా పిల్లి మొహం మీదకి. పిల్లి పట్టు తప్పి గాబులో పడింది. సరిగ్గా అప్పుడే గేటు తీసుకొని నూకరత్నంగారు లోపలికొచ్చారు. ఈకలు చూశారు, నీళ్ళు కారుతూ గాబులోంచి పాకుతున్న పిల్లిని చూశారు. “ఓరి దొంగసచ్చినోడా, నా పిల్లల్ని తినేది నువ్వా!” అని చీపురు విసిరారు. పిల్లి గోడ దూకింది. ఆ దూకడం దూకడం ఆ పెరట్లో మళ్ళీ అడుగు పెట్టలేదు.

తర్వాత ఆవిడ తీగని చూశారు.

మేకని కొడతారనుకున్నారందరూ. కొట్టలేదు. సంచీ కింద పెట్టి, రోలు మీద కూలబడి, “అమ్మా,” అన్నారు. మేకని కాదు. మేక నోట్లో ఇంకా సగం రెమ్మ ఉంది. నమల్లేకా మింగలేకా అలాగే తల దించుకుంది.

కాసేపటికి లేచి, మేకని వీధివైపు గుంజకి కట్టేశారు. ఈసారి రెండు ముడులు. “చూడిదాన్ని తోలడానికి చేతులు రావట్లేదు కాబట్టి బతికిపోయావు. ఈని, నీ పిల్లలు గడ్డి పట్టాక, ఆ మొదటి సోమవారమే సంత.”

పెట్ట రోజూ పిల్లలిద్దర్నీ తీసుకొని వీధివైపుకొచ్చి మేక పక్కన కూర్చునేది.

“వదినా, నువ్వు చెప్పినప్పుడు నేను…”

“ఊరుకోవే. నువ్వు మాత్రం ఎలా నమ్ముతావు? నాకు నిజంగానే నోరూరింది కదా.”

“ఎలా ఉందే? బాగుందా?”

“పీచు. కొంచెం చేదు. పై ఆకు పర్లేదు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత సోమవారం గుర్తొచ్చి ఇద్దరూ మానేశారు.

పెరట్లో తీగ ఎండుపుల్లల్లా నిలబడింది. నూకరత్నంగారు నీళ్ళు పొయ్యడం మానేశారు. చచ్చినదానికి నీళ్ళెందుకని. అటు మొహం కూడా పెట్టలేదు. మాఘం పోయింది. ఫాల్గుణంలో మేక ఈనింది, రెండు పిల్లలు. అదే వారం పుల్లల కణుపుల దగ్గర ఆకుపచ్చగా గింజల్లాంటి చిగుళ్ళు. ఆవిడ చూశారు. “రెండేళ్ళూ ఆకే కదా చూపించావు,” అని, మనసొప్పక ఒక బకెట్టు పోసి వెళ్ళిపోయారు. ఆపైన పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. జాకెట్ల కుప్ప నడుం ఎత్తుకి లేచింది. గేదెకి కుడితి పెట్టడానికి తప్ప పెరట్లోకి రావడానికే తీరిక లేదు. వచ్చినా తలెత్తేది లేదు. కింద పారబోసే నీళ్ళే తీగ తాగింది.

మేకపిల్లలు గడ్డి పట్టాయి. చైత్రంలో ఒక ఆదివారం సాయంత్రం. మర్నాడు సంత. ఆవిడ కొత్త తాడు తీసి గుమ్మం దగ్గర పెట్టి, మిషను ముందు కూర్చున్నారు. వీధిలో మేక తన పిల్లలిద్దర్నీ ఒకటే నాకుతోంది. బోసిమెడ పిల్లకి ఇప్పుడు మెడ మీద కూడా ఈకలొచ్చాయి. అయినా మేక పొట్ట కిందే దూరుతోంది.

“మేకత్తా, సంతంటే ఎంత దూరం?”

మేక దాన్ని కూడా ఒకసారి నాకింది.

మిషను గడగడ ఆడుతోంది. ఆడుతూ ఆడుతూ ఆగింది. నూకరత్నంగారు గాలి పీల్చారు. మళ్ళీ పీల్చారు. పూలాయన సైకిలు ఇంకా రాలేదు. మరి ఈ వాసనెక్కణ్ణించి? కత్తెర చేతిలో ఉండగానే లేచి పెరట్లోకి నడిచారు.

పందిరి తెల్లగా ఉంది.

ఆకు లేదని కాదు, ఉంది. కానీ ఆకుకంటే ముందు మొగ్గ కనపడుతోంది. ప్రతి చిగురు చివరా గుత్తి. అప్పుడప్పుడే విచ్చుతున్నాయి. ఆవిడ ఒక కొమ్మ కిందకి వంచి చూశారు. మేక పన్ను పడ్డ గాటు ఇంకా ఉంది. గాటు కింద నుంచే రెండు కొమ్మలు చీలాయి. రెండిటికీ మొగ్గలు. ఇంకో కొమ్మ చూశారు. అక్కడా గాటే, అక్కడా రెండు. ఎక్కడ గాటు లేదో అక్కడ మాత్రం ఒట్టి ఆకు.

ఆవిడ చేతిలో కత్తెర కేసి చూసుకున్నారు.

“ఎంత మొద్దుదాన్నే అమ్మా నేను! కత్తెర పడకపోతే గుడ్డ జాకెట్టవుద్దా?” అన్నారు. అని, నవ్వారో ఏడ్చారో, గేదెకి కూడా తెలీలేదు.

కొంగు నిండా పూలు కోశారు. ఒక మూర కట్టారు. గుమ్మం దగ్గర పెట్టిన కొత్త తాడు అటక మీదకి విసిరి, వీధిలోకొచ్చి, ఆ మూర మేక మెడలో వేశారు. మేక కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేలోపు దాని పిల్లలు రెండూ చెరోవైపు నుంచి దండ తినేశాయి.

“…ఆకంతా దూసి, కొమ్మలన్నీ కోసి, కొన్నాళ్ళు నీళ్ళు మానేసేవాడు. అప్పుడు చైత్రంలో పూలు విరగబూసేవి,” అంది గేదె పెరట్లోంచి.

“ఇప్పుడా పెద్దమ్మా చెప్పడం!” అన్నారు అందరూ.

“మీరు ఆగితే కదా,” అని మళ్ళీ నెమరు మొదలెట్టింది.

వానలు పడ్డాక గాబు దగ్గర బాగుచేస్తూ నూకరత్నంగారు పొత్రం ఎత్తబోతే, దాని కింద నొక్కుకుపోయిన తీగకి తెల్లటి వేళ్ళు. ఎవరూ తొక్కని అంటు! మేక తొక్కిందని పెట్ట ఇప్పటికీ వాదిస్తుంది. తల్లితీగ వైపు కోసి, వేరుమట్టి రాలకుండా పాత రంగుడబ్బాలో పెట్టి, ఎదురింటి సత్యవేణికి ఇచ్చారు.

“అంటు సరే రత్నమక్కా,” అంది సత్యవేణి, “పుష్యమాసంలో మీ మేకని కూడా ఒకపూట పంపిస్తావా?”

ఆ మాటకి మేక తల ఎంత పైకి లేచిందంటే, వారం దాకా పుంజుతో మాట్లాడలేదు.

ఆ అంటు పెరిగి సత్యవేణి పందిరెక్కిన ఏడాది, చలికాలం రాగానే ఆ గోడ మీద నుంచి ఒక గొంతు వినపడిందట. “అయ్యయ్యో, అంత పచ్చటి తీగండి. దాన్ని ముట్టుకోకండి. చూస్తుంటేనే నాకు కడుపు నిండిపోద్ది.” ఎదురింటి కోళ్ళు అయ్యో పాపం అనబోయాయి. అప్పుడు మన బోసిమెడ పిల్ల, ఇప్పుడది కూడా పిల్లల తల్లి, వీధి దాటి వెళ్ళి వాటికి ఒకటే మాట చెప్పొచ్చింది. “జాలి మాట వినపడితే ముందు ఆకుల్లోకి చూడండి, ఆనక ఏడవండి.”

ఆకుని ముట్టుకోవద్దనేవాడికి జాలి తీగ మీదో, తను దాక్కున్న నీడ మీదో తేల్చుకున్నాకే కత్తెర దాచుకోవాలి.

ఇంతకీ, మీ పెరట్లో ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని ఆ పచ్చటి గుబురు కిందే మీ పిల్లల్ని ఆడుకోమంటున్నారు కదా, ఒక్కసారైనా తలెత్తి చూశారా?